సీసా అదే.. చిరునామా మారింది

ఒంట్లో నీరసంగా ఉందంటే ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి ఓ సెలైన్ ఎక్కించుకుని రావడం తెలుగు పల్లెల్లో ఇప్పటికీ మామూలే. బీ-కాంప్లెక్స్ కలపగానే సీసాలోని నీళ్లు పసుపు రంగులోకి మారతాయి. బలం ఎక్కుతున్నట్టు కళ్లకే కనిపిస్తుంది. దాన్ని అజ్ఞానమని ఎగతాళి చేసే వర్గమే ఇప్పుడు దక్షిణ ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా క్లినిక్కుల్లో మెత్తటి కుర్చీల్లో కూర్చుని దాదాపు అదే సీసా పెట్టించుకుంటోంది. పేరు ‘ఐవీ డ్రిప్’. ధర వేలల్లో.

సీసాలో సాధారణంగా ఉండేవి విటమిన్ సి, బీ విటమిన్లు, మెగ్నీషియం, గ్లూటాథయోన్. కణాలకు కొత్త జీవం, ఒంట్లోని విషాల తొలగింపు, చర్మానికి మెరుపు అన్నవి ప్రకటనలు. చలికాలపు పొగ ఈ వ్యాపారానికి మరో సాకు. కానీ పీఎం 2.5 రేణువులను ఊపిరితిత్తుల నుంచి కడిగేసే డ్రిప్ ఏదీ లేదు. విషాలను వడకట్టే పని కాలేయం, మూత్రపిండాలదే. గ్లూటాథయోన్‌ను మన కణాలే తయారుచేసుకుంటాయి. బయటి నుంచి ఎక్కించినది రక్తంలో నిమిషాల్లోనే తగ్గిపోతుంది. లోపం లేనివారికి ఎక్కించిన విటమిన్ సి చాలావరకు మూత్రంలో పోతుంది.

‘నూటికి నూరు శాతం ఒంటికి పడుతుంది’ అన్నది క్లినిక్కుల ప్రధాన ఆకర్షణ. ప్రమాదమూ అక్కడే ఉంది. మోతాదు పెరిగేకొద్దీ పేగులు విటమిన్ సిని తక్కువగా గ్రహిస్తాయి. నరంలోకి నేరుగా ఎక్కిస్తే ఆ కాపలా ఉండదు. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవారికి భారీ మోతాదులో ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే ఆక్సలేట్ పేరుకుని అవి మరింత దెబ్బతినవచ్చు. అలర్జీ, ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎవరికైనా ఉంటుంది.

ఇతర దేశాలు ఇప్పటికే మేల్కొన్నాయి. చర్మం తెల్లబడటానికి గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు వాడొద్దని ఫిలిప్పీన్స్ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. విటమిన్ డ్రిప్పులతో క్యాన్సర్, మధుమేహం తగ్గుతాయని చెప్పుకొన్న టెక్సాస్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో చర్య తీసుకుంది.

మన దగ్గర చట్టం ఆర్‌ఎంపీని సులువుగానే పట్టుకుంటుంది. అర్హత లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా. క్లినిక్కు బోర్డుపై ఎంబీబీఎస్ పేరుంటే ఆ సెక్షన్ వర్తించదు. ఇక మిగిలేవి ప్రకటనల చట్టం, క్లినిక్కుల నమోదు చట్టం. మొదటిది 1954 నాటిది. చర్మాన్ని తెల్లబరుస్తామనే ప్రకటనలనూ నిషేధించాలని 2020లో కేంద్రం ముసాయిదా తెచ్చినా అది చట్టం కాలేదు. రెండోదానికి వస్తే, ఢిల్లీ దశాబ్దాలుగా 1953 నాటి నర్సింగ్ హోముల చట్టంతోనే నెట్టుకొచ్చింది. హరియాణా 2018లో కేంద్ర చట్టాన్ని అమల్లోకి తెచ్చినప్పుడు 50కి మించి పడకలున్న వాటికే పరిమితం చేసింది. నాలుగు కుర్చీల డ్రిప్ క్లినిక్కు ఆ లెక్కలోకే రాదు.

సెలైన్ చెడ్డది కాదు. డీహైడ్రేషన్‌లో, తినలేని స్థితిలో ప్రాణాలు నిలుపుతుంది. అందుకే సీసా పెట్టేముందు ‘నాకు ఏ లోపం ఉంది, ఏ పరీక్షలో తేలింది’ అని అడగాలి. పల్లెలో కూలి మనిషి ఆ ప్రశ్న అడగలేకపోవచ్చు. గురుగ్రామ్‌లో అడగకపోవడానికి కారణమేమీ లేదు.