నవ్వించు బొమ్మలు, నొప్పించు బొమ్మలు

వ్యంగ్యచిత్రమును చూచి నవ్వని వారరుదు. కాని ఆ నవ్వు ఎవరిపై, ఎందులకు అని ఆలోచించువారు అంతకంటె అరుదు. ఈ మాసమున ఒకప్పటి లండను నగరపు బొమ్మలను గూర్చి మా సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

జార్జి యను పేరుగల నలుగురు రాజులు 1714 మొదలు 1830 వఱకు వరుసగా ఇంగ్లండును పాలించిరి. ఆ కాలపు టుత్తరార్ధమున చిత్రకారులు రాగిఱేకులపై బొమ్మలు చెక్కగా, వానిని కాగితములపై అచ్చొత్తి, చేతితో రంగులు వేసి యమ్ముచుండిరి. కొనలేనివారు అంగడి కిటికీ యెదుట గుమిగూడి, రాజును మంత్రులను బొమ్మలలో జూచి నవ్వుకొనుచుండిరి. ఈ వర్తకమున స్త్రీలును పేరు గాంచిరి. వారిలో హన్నా హంఫ్రీ ముఖ్యురాలు. జేమ్సు గిల్‌రే యను సుప్రసిద్ధ చిత్రకారుని బొమ్మలను ఆమెయే ప్రకటించెడిది. అతడు ఆమె యింటనే నివసించెను. తుదకు అతనికి మతి చలింపగా, 1815లో మరణించువఱకు ఆమెయే సంరక్షించెను.

వెస్టిండీసు ద్వీపములలో బానిసల చెమటతో పండిన చక్కెరను ముట్టరాదని ఆ దినములలో ఇంగ్లండునందు పెక్కు కుటుంబములవారు నియమము పూనిరి. 1792లో గిల్‌రే దీనిపై నొక బొమ్మ వేసెను. అందు షార్లెటు రాణి చక్కెర లేని టీని త్రాగుడని కుమార్తెలను బుజ్జగించుచుండును. వారు మూతులు ముడుచుకొని కూర్చుందురు. బానిసలపై దయకంటె సొమ్ము మిగులుటయే రాణికి ముఖ్యమని ఎత్తిపొడుపు. గొప్పవారి లోభమును ఒక టీ గిన్నెతో బయటపెట్టిన యీ హాస్యము మెచ్చదగినది.

ఇక రెండవ విధము చూతము. 1784లో వెస్టుమినిస్టరున జరిగిన యెన్నికలో డెవన్‌షైరు డచెస్సు జార్జియానా, చార్లెసు జేమ్సు ఫాక్సు పక్షమున వీధులు తిరిగి ఓట్లడిగెను. ఆమెకు మాత్రము ఓటు లేదు. ఇంగ్లండు స్త్రీలకు పురుషులతో సమానముగా ఓటు లభించినది 1928లో. ఆమె ముద్దులిచ్చి ఓట్లు కొనుచున్నదని ప్రతిపక్షులు చాటిరి. థామసు రౌలండ్‌సన్ ఆమె ఒక మాంసవిక్రేతను ముద్దిడుచున్నట్లు బొమ్మ వేసెను. ఫాక్సు విధానము మంచిదా చెడ్డదా యను విచారణ అందు లేదు. వీధికి వచ్చిన స్త్రీకి శీలము లేదను సూచన మాత్రమే కలదు. వింత యేమనగా, అదే రౌలండ్‌సన్ అదే యెన్నికలో ఆమెను పొగడుచును బొమ్మ వేసెను! తుదకు ఫాక్సు 236 ఓట్ల యాధిక్యముతో గెలిచెను.

1820లో నాలుగవ జార్జి, తన్ను నీతిబాహ్యమైన రీతిని చిత్రింపకుండుటకై జార్జి క్రూక్‌షాంకునకు నూరు పౌండ్లిప్పించెను. రాజు తన నింద నిట్లు కొంతవఱకు కొని దాచగలిగెను. జార్జియానాపై వచ్చిన బొమ్మలో, నేటికిని బ్రిటిషు మ్యూజియమున నిలిచియున్నవి.

మేము హాస్యమునకు విరోధులము కాము. అధికారము గలవారికి అది యంకుశమువంటిది. కాని నేడును రాజకీయములలో నడుగిడిన స్త్రీని గూర్చి బొమ్మ వచ్చినపుడు మనము రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఆమె చేసిన పనిని గూర్చి యేమైన చెప్పుచున్నదా? ఆమెకు బదులు పురుషుని నిలిపినచో ఇందు నవ్వు మిగులునా? రెంటికిని లేదనియే సమాధానమైనచో అది విమర్శ గాదు, వట్టి నింద.

ఆనాడు బొమ్మ అంగడి కిటికీలో వ్రేలాడెడిది. ఈనాడు మన చేతిలోని ఫోనుననే నిలుచుచున్నది. దానిని నలుగురికి పంపినంతనే మనమును ఆ యంగడివారమే యగుదుము. కావున ఏ బొమ్మను కిటికీలో పెట్టవలెనో, దేనిని పెట్టరాదో నిర్ణయించు భారము మనదే.