కాకి చెప్పిన మాట, గబ్బిలం మోసిన మాట



వార్షికోత్సవ సంచిక అనగానే కష్టపడి చదవండి, ఉద్యోగాలు సంపాదించండి అని రాయడం ఆనవాయితీ. ఆ మాటలు అవసరమే. ఈసారి మేము మాత్రం దుఃఖం గురించి, దాన్ని చెప్పుకోవడం గురించి రాయదలచుకున్నాం.

మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. తెలుగు మీడియంలో చదివి ఎం.ఎ. ఇంగ్లీషులో చేరాం. అక్కడ అమెరికన్ సాహిత్యం పేపరులో ఎడ్గార్ అలన్ పో కవిత 'ది రేవెన్' చదివాం. గైడు తెరిస్తే ఒకే ఒక్క వాక్యం. రేవెన్ మరణానికి ప్రతీక! అది బట్టీ పడితే మార్కులు వస్తాయి, నిజమే. కానీ ప్రతీకను అలా ఒక్క మాటకు కుదించి చదివితే కవిత చేతికి రాదు, మన బాధా మనకు అర్థం కాదు. ఇదే మా అభిప్రాయం.

రేవెన్ అంటే మన కాకి జాతికే చెందిన పెద్ద నల్ల పక్షి. మరి మన ఊళ్లలో కాకి అంటే ఏమిటి? పొద్దున్నే ఇంటి మీద వాలి అరిస్తే చుట్టాలు వస్తారంటారు. దినాల నాడు ముద్ద పెట్టి, కాకి ఎప్పుడు ముడుతుందా అని ఎండలో నిలబడతారు. ముట్టిందంటే పోయినవాళ్లు వచ్చి తిన్నట్టే. చుట్టాన్ని పిలిచేదీ కాకే, పోయిన పెద్దవాడూ కాకే. ఇక నిలువెల్లా నల్లగా ఉండే కాకికి మన పల్లెల్లో ఉన్న పేరు మీకు తెలుసు. మాలకాకి! నలుపుకూ కులానికీ ముడివేసిన ఆ మాట వింటే మనకు ఎక్కడ గుచ్చుకుంటుందో గైడు రాసినాయనకు తెలియదు. ఒక్క పక్షిలో ఇన్ని అర్థాలు ఉన్నప్పుడు 'మరణానికి ప్రతీక' అని రాసి ఊరుకుంటే ఎలా?

పో జీవితం చూడండి. 1809లో బోస్టన్‌లో పుట్టాడు. మూడేళ్లు నిండకముందే, 1811లో తల్లి చనిపోయింది. పెంచిన తల్లి 1829లో పోయింది. భార్య వర్జీనియాకు 1842లో క్షయ బయటపడింది. ఆమె మంచంలో ఉన్న కాలంలోనే, 1845 జనవరిలో, ఈ కవిత అచ్చయింది. రెండేళ్లకు, 1847లో, ఆమె కూడా కన్నుమూసింది. 1849లో నలభై ఏళ్లకే పో వెళ్లిపోయాడు. క్షయ అంటే ఏమిటో, మందులకు డబ్బులు లేకపోవడం అంటే ఏమిటో మనలో చాలామందికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కవితలో కథ చిన్నదే. డిసెంబరు అర్ధరాత్రి. ప్రియురాలిని పోగొట్టుకున్న మనిషి ఒంటరిగా గదిలో పుస్తకాల ముందు కూర్చుని ఉంటాడు. కిటికీ తెరవగానే నల్ల పక్షి లోపలికొచ్చి, తలుపు పైనున్న విగ్రహం మీద వాలుతుంది. దానికి వచ్చింది ఒకే మాట. ఇక ఎప్పటికీ లేదు అని దాని అర్థం. ఎవరో పెంచినవాళ్లు నేర్పిన మాట అయి ఉంటుందని ఆ మనిషే అనుకుంటాడు. అయినా ప్రశ్నలు ఆపడు. నా బాధకు మందుందా, ఆమె పరలోకంలోనైనా నాకు కనిపిస్తుందా అని అడుగుతాడు. జవాబు ఏమొస్తుందో తెలిసే అడుగుతాడు. 1846లో రాసిన వ్యాసంలో పో స్వయంగా ఈ రహస్యం విప్పాడు. తనను తాను హింసించుకోవాలనే మనిషి అలాంటి ప్రశ్నలు వేస్తాడట. మొదట చిలుకను అనుకుని, తర్వాత ఈ పక్షికి మార్చుకున్నట్టు కూడా అందులో చెప్పాడు. చూశారా, పక్షి దగ్గర ఉన్నది ఒక మాటే. దానికి అంత బరువు ఎక్కించింది మనిషి దుఃఖం. చివరికి పక్షి కదలదు, దాని నీడ కిందినుంచి ఆ మనిషీ లేవలేడు.

ఇప్పుడు మన జాషువా దగ్గరకు వద్దాం. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' కావ్యం వెలువరించాడు. అందులోనూ రాత్రే, ఒంటరి మనిషే, చీకటిలో రెక్కలు కొట్టుకుంటూ వచ్చే ప్రాణే. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు. నలుడికి హంస దొరికింది. అంటరానివాడికి ఎవరు దొరుకుతారు? ఇంట్లోకొస్తే అపశకునమని తరిమే గబ్బిలమే దొరికింది. అయితే ఆ గబ్బిలానికి ఈ మనిషికి లేని హక్కు ఒకటి ఉంది. అది గుడి లోపల, దేవుడి దగ్గరే వేలాడగలదు. అందుకే తన గోడు శివుడికి చెప్పి రమ్మని దాన్నే పంపుతాడు.

రెండూ పక్కపక్కన పెట్టి చదివితే తేడా తెలుస్తుంది. పో కాకి బయటి నుంచి వచ్చి గదిలో ఉండిపోయింది. జాషువా గబ్బిలం గదిలోకి వచ్చి, కబురు తీసుకుని బయటికి వెళ్లింది. పో మనిషి దుఃఖానికి వినేవాళ్లు లేరు. జాషువా మనిషి తన దుఃఖానికి ఒక చిరునామా రాశాడు. అమెరికాలోనూ ఇలా రాసినవాళ్లు ఉన్నారు. పాల్ లారెన్స్ డన్‌బార్ తల్లిదండ్రులు ఒకప్పటి బానిసలు. ఆయన లిఫ్టు నడిపే పని చేస్తూ కవిత్వం రాశాడు. 1899 నాటి 'సింపతీ' కవితలో ఆయన పెట్టుకున్న ప్రతీక పంజరంలో పక్షి. మాయా ఏంజెలో 1969లో తన ఆత్మకథకు పేరు ఆ కవిత నుంచే తీసుకుంది. ఒకరి ఏడుపు డెబ్బై ఏళ్లకు ఇంకొకరి పుస్తకమైంది.

మన సీమకూ అలాంటి ప్రతీక ఉంది. విద్వాన్ విశ్వం 1956లో 'పెన్నేటి పాట' ప్రచురించాడు. ఇసుక మిగిలిన పెన్నను చూపించి కరువు మనుషుల బతుకు చెప్పాడు. మన లింగాల పక్క చిత్రావతి పోయి కలిసేది ఆ పెన్నలోనే.

కొందరు పెద్దలు ఒక మాట అంటారు. పిల్లలు ఇలాంటి చీకటి కవిత్వం చదివితే దిగులు పడతారు, గ్రూప్స్‌కో డి.ఎస్‌.సి.కో చదివితే అన్నం పెడుతుంది అని. వాళ్ల భయం మాకు అర్థమవుతుంది. ఉద్యోగం వద్దని మేము అనడం లేదు. కానీ దిగులు కవిత్వంతో మొదలవుతుందా? నాయన పోయి గుండుతో హాస్టల్‌కు వచ్చిన పిల్లవాడితో రెండు రోజులు మెల్లగా మాట్లాడతాం, మూడో రోజు నుంచి ఆ సంగతే ఎత్తం. మగపిల్లాడివి ఏడవకూడదు అంటాం. వాడి గదిలో ఆ నల్ల పక్షి అప్పటికే వాలి ఉంది. దానికి పేరు పెట్టడం నేర్పేది కవిత్వం.

ఇంకొందరు మనకు ఇవన్నీ ఎక్కడ అర్థమవుతాయిలే అంటారు. ఇది ఒప్పుకోం. హరిశ్చంద్ర నాటకం ఆడిన ఊళ్లలో కాటి సీనులో జాషువా 'శ్మశానవాటి' పద్యాలు పాడితే, అక్షరం రాని మన తాతలు వన్స్‌మోర్ కొట్టి మళ్లీ పాడించుకున్నారు. చావింట ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తూ పోయినవాడి ఎద్దులను, పంచెను, పెట్టిన చెట్టును పేరుపేరునా తలుచుకుంటారు. ఊళ్లో ఎవరు పోయినా పలక కొట్టింది మనవాళ్లే. అందరి చావులకూ దరువు వేసినవాళ్ల పిల్లలకు దుఃఖ కవిత్వం అర్థం కాదా?

కాబట్టి మా సూచన ఒకటే. వరండాలో గోడపత్రిక పెట్టుకోండి. 'నాకు బాధగా ఉంది' అని రాసి ఆపకండి. మీ బాధ ఏ వస్తువులో ఉందో అది రాయండి. ఎండిన బోరు కావచ్చు, నాయన తువ్వాలు కావచ్చు, కువైట్ నుంచి అమ్మ పంపిన దుప్పటి కావచ్చు. ఎవరికి చెప్పాలనుకుంటున్నారో వాళ్ల పేరు పైన రాయండి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు ఒక 'గబ్బిలం', ఒక 'పెన్నేటి పాట', ఒక అమెరికన్ కవితల పుస్తకం హాస్టల్‌కు ఇవ్వండి. అర్థం కాని ఇంగ్లీషు మాటలు సెలవుల్లో వచ్చినప్పుడు మేము కూర్చుని చెబుతాం.

తమ్ముళ్లారా, మీరు రాసింది ఎలా ఉన్నా సరే, గోడ మీద పెట్టండి. చదవడానికి మేమున్నాం.