నుదుట రాసిందెవడు?

కూలి తగ్గిస్తే తలరాత. పిల్లోడు బడి మానేస్తే తలరాత. గుళ్లోకి రానివ్వకపోతే పోయిన జన్మలో చేసుకున్న కర్మ. ఈ లెక్క రాసిపెట్టినోడెవడు? భూమి, పుస్తకం రెండూ ఎవడి చేతిలో ఉన్నాయో వాడే గదా!

కాలికి కట్టిన తాడు కనబడుతుంది. బుర్రకు కట్టింది కనబడదు. టీకొట్లో వేరే గ్లాసు పెట్టడం నేరమని చట్టం ఉంది. కానీ ఎవడూ చెప్పకముందే మన చెయ్యే ఆ గ్లాసు దిక్కు పోతుందే, దాన్నేం చెయ్యాలి?

బాబాసాహెబ్ పట్టుకున్నది ఈ తాడునే. హిందువుగా చావనని యేవలాలో ప్రకటించింది 1935లో. నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబరు 14న. మధ్యలో 21 ఏళ్లు! బుద్ధుడంటేనే మేలుకున్నవాడు. ఆ మేలుకోవడం ఒక్క పూటలో అయ్యేది కాదని ఆయనకు తెలుసు. అందుకే ఆ రోజు లక్షల మంది చేత 22 ప్రమాణాలు చేయించాడు. పిండాలు పెట్టను, బ్రాహ్మడి చేత కర్మకాండ చేయించను, బుద్ధుణ్ణి విష్ణువు అవతారమని నమ్మను, మనుషులంతా సమానమని నమ్ముతాను, అబద్ధమాడను, తాగను. ఇవన్నీ పెళ్లి దగ్గర, చావు దగ్గర, సారాకొట్టు దగ్గర తేలే సంగతులు. రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 6న ఆయన పోయాడు. మిగిలిన పని మన మీద పడింది.

మనమేం చేస్తున్నాం? ఏప్రిల్ 14న ఆయన విగ్రహానికే కొబ్బరికాయ కొట్టి హారతిస్తున్నాం. (ఆయనే ఉంటే ఆ కర్పూరం ఊదేసేవాడు.)

జోగిని సంగతి చూడండి. దాని మీద హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఎప్పుడో పోరాడాడు. 1988లో నిషేధ చట్టమూ వచ్చింది. అయినా ఆ తర్వాత కూడా దొంగచాటుగా ఆడపిల్లను దేవతకు విడిచిన ఊళ్లున్నాయి. విడవకపోతే అమ్మవారు కన్నెర్రజేస్తుందని తల్లిదండ్రుల భయం. ఆ భయం మీద బతికింది మాత్రం ఊళ్లో పెత్తందార్లు. అమ్మవారు ఎన్నడైనా దొరబిడ్డను అడిగిందా? ఎప్పుడూ మన వాడ పిల్లే ఎందుకు కావాలట?

ఇంకో ముడి కూడా ఉంది. అది విప్పడం మనకే కష్టం. పెద్దకులపోడు మనల్ని ముట్టకపోతే మండిపడతాం. మాల ఇంటికి మాదిగ పిల్ల కోడలిగా వస్తానంటే మాత్రం ఆచారం గుర్తొస్తుంది. మనకంటే కింద ఇంకొకణ్ణి చూపించి మనల్ని ఊరుకోబెట్టడమే మనువు పన్నిన పన్నాగం.

పెద్దలన్నారని, గ్రంథంలో ఉందని, గురువు చెప్పాడని నమ్మొద్దని కేసపుత్త ఊళ్లో కాలాములకు బుద్ధుడు చెప్పాడు. ఈ పత్రికకూ అదే వర్తిస్తుంది, ప్రశ్నించండి.

ఈసారి సంఘం మీటింగులో 22 ప్రమాణాలూ చదివి వినిపించండి. ఆడోళ్లను వెనక కాదు, ముందు కూర్చోబెట్టండి. ఏది చెయ్యగలమో, ఏది చెయ్యలేమో దాపరికం లేకుండా చెప్పించండి. చెయ్యలేమన్న దగ్గర ఆగి, ఎందుకని అడగండి.