తండ్రి పేరు అడిగే ముందు

పెళ్లి కాకుండా తల్లి అయిన ఆడబిడ్డ మందిరానికి వస్తే మన కళ్లు ముందు ఆమె ఒడిలోని పసివాణ్ణి చూడవు, వాడి తండ్రి ఎవరా అని వెదుకుతాయి. ఆ ప్రశ్నను ఎవరి కోసం అడుగుతున్నాం? బిడ్డ కోసమా, మన కుతూహలం కోసమా?

2015 జూలై 6న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కోర్టుకు వెళ్లినది ఒక అవివాహిత క్రైస్తవ తల్లి. ఉద్యోగం చేసుకుంటూ కొడుకును ఒంటరిగా పెంచుతోంది. పొదుపుకు, బీమాకు కొడుకును నామినీగా పెట్టబోతే, తండ్రి పేరైనా చెప్పాలి, కోర్టు నుంచి సంరక్షకురాలి పత్రమైనా తేవాలి అన్నారు. తండ్రి పేరు చెప్పనందుకు కింది కోర్టు ఆమె అర్జీని కొట్టివేసింది. హైకోర్టులోనూ ఊరట దొరకలేదు. హిందూ తల్లికి 1956 నాటి చట్టం ఇచ్చిన హక్కు క్రైస్తవ తల్లికి లేకపోయింది.

సుప్రీంకోర్టు బిడ్డ క్షేమమే ముఖ్యమంది. తండ్రికి నోటీసు అక్కరలేదంది. అవివాహిత తల్లి అఫిడవిట్ ఇస్తే బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వాలని ఆదేశించింది. అయితే తండ్రి ఎవరో తెలుసుకునే హక్కు బిడ్డకు ఉంది గనుక, ఆ వివరాలను కవరులో పెట్టి సీలు వేయించింది. తల్లి మర్యాద, బిడ్డ హక్కు రెండూ నిలిచాయి.

అంతమాత్రాన తండ్రి తప్పించుకున్నట్టు కాదు. పోషణ కోరే తల్లికి చట్టం అండగా ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ ప్రకారం, తనను తాను పోషించుకోలేని బిడ్డకు తండ్రి భరణం ఇవ్వాలి. బిడ్డ వివాహంలో పుట్టినా, వెలుపల పుట్టినా అంతే. ఎగవేస్తే జైలు శిక్ష పడవచ్చు. తండ్రిని కాదని బొంకితే కోర్టు డీఎన్ఏ పరీక్షకు ఆదేశించవచ్చు. కానీ భార్య మీద అనుమానంతో భర్త అడిగినప్పుడల్లా బిడ్డకు ఆ పరీక్ష చేయించరాదని 2023లో సుప్రీంకోర్టు హెచ్చరించింది.

మరి మన సంఘాలు? తల్లిని అందరి ముందు నిలబెట్టి క్రమశిక్షణ అంటాం. ఆ బిడ్డకు తండ్రైనవాడు మాత్రం తలెత్తుకొని ప్రభువు బల్ల దగ్గరకు వస్తాడు. ఇది నీతి కాదు, పక్షపాతం. ఎడారిలో హాగరు కుమారుని మొర విన్న దేవుడు దీన్ని చూడడా?

కాపరులకు, సంఘ పెద్దలకు మా మనవి ఇది. రిజిస్టరులో తండ్రి పేరు గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనివ్వండి. బిడ్డను ఆశీర్వదించండి. తల్లి భరణం కోరితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తోడుగా వెళ్లండి. స్త్రీలకు, పిల్లలకు అక్కడ న్యాయ సహాయం ఉచితం. తండ్రి మన సంఘస్థుడే అయితే అతనితో ఏకాంతంగా, సూటిగా మాట్లాడండి. పశ్చాత్తాపం నిజమైతే అది బిడ్డ పాలకు, బడి ఫీజుకు చేరాలి.