అక్షరమున కేది చోటు?

1922లో షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు నల్లగొండ నుండి నీలగిరి పత్రికను వెలువరించిన నాడు ఈ సీమలో రాజభాష ఉర్దూ. తెలుగునకు దొరతనమువారి యాదరము లేదు. ఒక్కొక్క సీసపు దిమ్మను చేతితో పేర్చి యచ్చు వేయవలసిన కాలమది. అయినను అక్షరము ప్రజలను చేరెను. నేడు చిట్యాల రైతు చేతిలో ఫోనున్నది. ధాన్యపు సొమ్ము జమయైనదని వచ్చిన తెలుగు సందేశము ఆ ఫోనులో విరిగిన ముక్కలుగనో, వట్టి గడులుగనో కనబడెనేని దాని నేమనవలయును? మేము దానిని నిర్లక్ష్యమందుము.

తెలుగు లిపి వరుసగా పేర్చిన యిటుకల గోడ వంటిది కాదు. ‘స్త్రీ’ యని వ్రాసినచో ఫోనులో నిలువయుండునవి ఆరు సంకేతములు. వానిని కూర్చి, ఒత్తులను గుడిదీర్ఘమును వాని వాని తావుల నిలిపి, ఒక్క యక్షరముగా చూపు భాగ మొకటి ఫర్మ్‌వేరులో నుండవలయును. దానిని క్రొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. ఫ్రీటైపు అను పాత తంత్రములో పుట్టి, పాంగో, క్యూటీ అను రెండింట వేరువేరుగా పెరిగి, పిదప నొక్కటియై, అది ‘హార్ఫ్‌బజ్’ అను పేర వెలసినది. హర్ఫు అన నక్షరమని మన ప్రాంతపు పెద్దలకు చెప్ప నక్కరలేదు. తెరచిన యక్షరమని యా పారసీక నామమున కర్థము. దాని మూలసంకేతము ఎల్లరకును బాహాటము, రుసుము లేదు.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి యను ఖతితో తెలుగును చూపెను. ఆండ్రాయిడ్ ఫోనులు 2008లో వెలువడినను, తెలుగునకు చోటు దొరకినది 2012లో, 4.1వ కూర్పున. బల్లమీది కంప్యూటరు నేర్చిన విద్య చేతిఫోనున కెక్కుటకు పదునొకం డేండ్లు పట్టవలెనా? ఆ యేండ్లలో తెలుగువారు ఫోనులు కొనకుండిరా?

పాత సంకేతమును క్రొత్త యంత్రమున చేర్చుట ప్రమాదమనియు, చౌక ఫోనులలో చోటు చాలదనియు తయారీదారులు వాదింపవచ్చును. ప్రకటనలకును ఆటలకును దొరకిన చోటు అక్షరమునకే కరవయ్యెనా? ఇక ప్రమాదమందురా, అది పరీక్షింపక చేర్చుటలోను, చేర్చి మరచుటలోను ఉన్నది. 2018 ఫిబ్రవరిలో, కంటి కగపడని సంకేత మొకటి నడుమ చేరిన మన ‘జ్ఞా’ యక్షరమును మోయలేక ఆపిల్ వారి ఫోనులు కుప్పకూలెను. కోర్‌టెక్స్ట్ అను వారి లిపికూర్పు భాగములోని దోష మది. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో దానిని సవరించిరి. తెలుగక్షరము ఫోనులను చంపుచున్నదని లోకము నవ్వెను. అక్షరము చేసిన నేరమేమి? తలచినచో దినములలో సరియగు పని, తలపనిచో దశాబ్దమైనను కాదని యీ రెండు కథలు చాటుచున్నవి.

2016లో భారత ప్రభుత్వము ఐఎస్ 16333 ప్రమాణపు మూడవ భాగమును ఫోనులకు విధిగా జేసి, 22 భాషలను చదువ వీలుండవలెనని శాసించినది. శాసనము మంచిదే, దానిని జీవముతో నిలుపువారు కావలయును. కావున మేము కోరున దిది: లిపికూర్పు భాగమును సమగ్రముగా చేర్చుడు, తెలుగు సంయుక్తాక్షరముల నెల్ల పరీక్షించిన పిమ్మటనే ఫోనును అంగటి కెక్కింపుడు, అమ్మిన ఫోను పనిచేయునంత కాలము ఆ భాగమును క్రొత్త కూర్పులతో దిద్దుచుండుడు.

హైదరాబాదున లోకమున కెల్ల సంకేతములు వ్రాయు తెలుగు ఇంజనీరులారా! మీ తల్లి చదువు సందేశమును మీరు పరీక్షింపనిచో నెవరు పరీక్షింతురు? కొనువారలారా! సొమ్ము చెల్లింపకమునుపే దుకాణమున నొక తెలుగు సందేశమును తెరచి చూడుడు. అక్షరము విరిగినచో ఆ ఫోనును అంగడివాని చేతికే మరల నిండు. మన యక్షరమును గౌరవింపని సరకునకు మన సొమ్ముపై హక్కు లేదు.