ఆధారం చూపాలి

నేను పేపర్లు దిద్దుకుంటూ విసుక్కోవడమే గాని నవ్వడం మా ఆవిడ ఎన్నడూ ఎరగదు. అంచేత మొన్న రాత్రి వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఏమిటండీ ఆ నవ్వు?" అంది.

సంగతేమిటంటే, బి.ఏ. రెండో సంవత్సరం పిల్లల్ని విజ్ఞానచంద్రికా మండలి మీద నాలుగు పేజీల వ్యాసం వ్రాసి తెమ్మన్నాను. 43 వ్యాసాలు వచ్చాయి. అందులో 31 కవలపిల్లలు! ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికే తెలుగు వికీపీడియా వ్యాసాన్ని మక్కికి మక్కి దించేశారు. దించడం లోకానికి కొత్త కాదు. మా రోజుల్లో గైడు చూసి దించేవాళ్ళం. ఒక మహానుభావుడు మాత్రం ముత్యాలవంటి దస్తూరీతో, వాక్యం మధ్యలో "ఆధారం చూపాలి" అని కూడా వ్రాశాడు.

ఆ మాట వ్యాసంలోది కాదు. ఆ విజ్ఞానసర్వస్వంలో ఎవరైనా వ్రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఎక్కడ చదివి వ్రాశారో చెప్పకుండా ఒక సంగతి వ్రాస్తే, మరొకరు వచ్చి దాని పక్కన చిన్న అక్షరాలతో ఆ రెండు మాటలూ తగిలించిపోతారు. 'నువ్వు చెప్పింది నిజమే కావచ్చు నాయనా, రుజువేదీ?' అని దాని భావం.

మర్నాడు మూడో పీరియడులో ఆ పేపరు పైకి చదివాను. క్లాసు గొల్లుమంది. కుర్రవాడు లేచి నిలబడ్డాడు. వాళ్ళ నాన్న మా వీధి మలుపులోనే ఇస్త్రీబండి పెట్టుకున్నాడు. నా చొక్కాల మడతలన్నీ ఆయన చలవే.

"ఏమోయ్, ఇదేమిటి?" అన్నాను.

"అదీ వ్యాసంలోదే అనుకున్నానండీ."

చదవకుండా దించితే వచ్చే అనర్థాలన్నీ ఏకరువు పెట్టాను. ఆ రెండు మాటలకూ అర్థం విప్పి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "అయితే సార్, మన నోట్సులో ఎక్కడా అలా ఉండదేమండీ?" అన్నాడు.

వెటకారమేమోనని ముఖంలోకి చూశాను. కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. వెటకారమే అయితే కసిరి కూర్చోబెట్టేవాణ్ణి గదా! క్లాసులో ఇప్పుడెవరూ నవ్వలేదు.

"మన నోట్సు" అంటే నేను చెప్పి వ్రాయించేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా గురువుగారిని అడిగి తెచ్చి ఎత్తి వ్రాసుకున్నాను. ఆయన ఏ పుస్తకం చూసి వ్రాశారో నేను అడగలేదు. భయం చేత కాదు, అడగాలని తోచలేదు. కాగితాలు పసుపురంగు తిరిగాయి. మా ఆవిడ పాతపేపర్లవాడికి వెయ్యబోతే రెండుసార్లు పోట్లాడి కాపాడుకున్నాను. ఆ రాత్రి తీసి చూశాను: "మండలి 1908లో మద్రాసునందు స్థాపింపబడెను" అని ఉంది. కుర్రవాడు దించిన వ్యాసంలో, 1906లో హైదరాబాదులో పుట్టిందనీ, 1908లో మద్రాసుకు తరలిందనీ ఉంది.

ఆదివారం నాడు చరిత్ర లెక్చరరైన స్నేహితుడి ఇంటికి వెళ్ళి, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పుస్తకాలు తిరగేశాను. 1906 ఒప్పు. హైదరాబాదు ఒప్పు. నాది తప్పు.

18 ఏళ్ళుగా చెబుతున్నాను. ఏడాదికి 40 మంది చొప్పున వేసుకున్నా 720 మంది! వాళ్ళంతా నా తప్పు పరీక్షలో వ్రాసి, నా చేతనే మార్కులు వేయించుకున్నారు.

తప్పు ఎవరి విషయంలో చేశానో తలుచుకుంటే మరీ సిగ్గువేసింది. కొమర్రాజు లక్ష్మణరావుగారు నాగపూరులో చదివి, మునగాల సంస్థానంలో దివానుగిరీ చేస్తూ, ఇంగ్లీషు రాని తెలుగువాడికి కూడా చరిత్రా, రసాయనశాస్త్రమూ, జీవశాస్త్రమూ అందాలని మిత్రులతో కలిసి ఆ మండలిని పెట్టిన మనిషి. తరువాత ఆంధ్ర విజ్ఞానసర్వస్వానికి పూనుకున్నారు. మూడు సంపుటాలు వచ్చినా అకారాదిక్రమంలో అచ్చులైనా దాటలేదు. 1923లో, 46 ఏళ్ళకే కన్నుమూశారు. నాకు ఈ ఏడు 45 నిండాయి. నేను దాచుకున్నది ఒక కట్ట పసుపు కాగితాలు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఆయన వదిలిన దారినే పట్టింది. వ్రాసేవాళ్ళకు జీతం లేదు, చదివేవాళ్ళకు చందా లేదు. అందులో ఎదగని వ్యాసాలూ ఉన్నాయి. వాటిని "మొలక" అంటారట, మాట బాగుంది. ఒకటి మాత్రం నేను అంతవరకూ గమనించలేదు: అక్కడి వ్యాసాన్ని ఎత్తి వ్రాసుకోవడం నేరం కాదు. వాళ్ళే అనుమతించారు. ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నామో మాత్రం చెప్పాలి. నా పిల్లలు చెయ్యనిది అదొక్కటే. నేనూ చెయ్యలేదు.

సోమవారం క్లాసులో ముందు నా తప్పు దిద్దుకున్నాను. గొంతు కొంచెం తడబడింది. ఆ 31 పేపర్లూ తిరిగి ఇచ్చేసి, ఒక్కొక్కరూ ఒక్కొక్క వాక్యం తీసుకుని దానికి ఆధారం ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూసి రండి, దొరికితే ఆ వ్యాసంలో మనమే చేర్చుదాం అన్నాను. "ఇదెక్కడి గోల!" అని వెనక బెంచీలో ఎవరో గొణిగారు.

ఇస్త్రీబండి కుర్రవాడు బుధవారం నాడు స్టాఫు రూము గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాడు తన వాక్యాన్నే తీసుకున్నాడు. కావలసిన పుస్తకం మా కాలేజీ లైబ్రరీలోనే ఉందట, అద్దంలోంచి అట్ట కనిపిస్తున్నదట, బీరువాకు తాళం వేసి ఉందట. ఇద్దరం కలిసి వెళ్ళాం. తాళంచెవి బదిలీ అయిపోయిన పాత లైబ్రేరియనుగారి దగ్గర ఉండిపోయిందని అటెండరు చెప్పాడు. ఆఫీసు వాళ్ళు ఉత్తరం వ్రాస్తామన్నారు.

పదిహేను రోజులైంది. రోజూ రాత్రి ఫోనులో తీసి చూస్తున్నాను. ఆ వాక్యం పక్కన ఆ రెండు మాటలూ ఇంకా అలాగే ఉన్నాయి.