ఇంటికి ఫోనెందుకు అనేవాళ్లతో పేచీ

"అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లుండగా మళ్లీ ఇంటికో ఫోనెందుకండీ?" ఈ ప్రశ్న వేసేవాళ్లు జవాబు కోసం వేయరు. కార్డ్‌లెస్ ఫోను కొందామనుకుంటున్నామని ఎవరి దగ్గరైనా అని చూడండి. ముందు ఓ నవ్వు, ఆ వెంటనే ఈ మాట. ఎలక్ట్రానిక్స్ షాపులో కుర్రాడైతే అదే నవ్వుతో అట్టడుగు అరలోంచి ఓ డబ్బా లాగి దుమ్ము దులుపుతాడు. ల్యాండ్‌లైన్ పోయింది, కార్డ్‌లెస్ దాని వెనకే పోయింది, ఇంకా కొనేవాళ్లెవరైనా ఉంటే చాదస్తులో పెన్షనర్లో అయి ఉండాలన్నది ఇవాళ స్థిరపడిపోయిన అభిప్రాయం. ఇందులో ఒక్క ముక్క కూడా నాకు సమ్మతం కాదు.

పోయింది అన్న మాట దగ్గరే మొదలుపెడదాం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల్లో దేశంలోని వైర్‌లైన్ కనెక్షన్లు 2020 ప్రాంతంలో సుమారు 2 కోట్లకు పడిపోయిన మాట నిజమే. జనం అక్కడితో ఆగి దానికి దినం పెట్టేశారు. ఆ తర్వాతి లెక్క ఎవరూ చూడలేదు. 2024 నాటికి అవి 3 కోట్లు దాటాయి. హఠాత్తుగా ల్యాండ్‌లైన్ మీద ఎవరికో ప్రేమ పుట్టుకొచ్చి కాదులెండి, ఫైబర్ ఇంటర్నెట్ పుణ్యమా అని. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, టెలిఫోను మూడూ ఇస్తామంది. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ వచ్చాక పెద్ద కంపెనీలన్నిటిదీ అదే బాట. కాబట్టి హైదరాబాదులోనో విజయవాడలోనో ఫైబర్ ఉన్న చాలా ఇళ్లకు 040తోనో 0866తోనో మొదలయ్యే నంబరొకటి ఉంది, లేదా అడిగితే వస్తుంది. ఇంటివాళ్లకే ఆ సంగతి తెలియదు. ఫైబర్ పెట్టె వెనక్కి తిప్పి చూడండి. నెట్ కేబుల్ దూర్చే కన్నాల పక్కనే కాస్త చిన్న కన్నం ఒకటి ఖాళీగా ఉంటుంది. ఫోను తీగ పోయేది అందులోకే. కనెక్షన్ ఇచ్చి వెళ్లిన కుర్రాడు దాని ఊసెత్తడు, మనమూ అడగం. చాలా ప్లాన్లలో ఆ కాల్స్‌కి విడిగా చార్జీ కూడా లేదు. నెలనెలా డబ్బు కడుతూనే, చేతికందినదాన్ని అక్కర్లేదని ఎగతాళి చేస్తున్నాం.

సరే, లైను ఉంది. అయినా ఎందుకంటారా? సెల్ మనిషితో పాటు బయటికి పోతుంది. నలుగురున్న ఇంట్లో నాలుగు సెల్‌ నంబర్లుంటాయి, ఆ ఇంటికి మాత్రం నంబరుండదు. అమ్మ మందు వేసుకుందో లేదో తెలుసుకోవాలంటే అమ్మ సెల్‌కి చేయాలి. అది పూజగదిలో సైలెంట్‌లో పడి ఉంటే పనిమనిషికి చేయాలి. ఆవిడ వెళ్లిపోయి ఉంటే ఎదురింటివాళ్లకు చేసి తలుపు కొట్టించాలి. డల్లాస్‌లో ఉన్న కొడుకు గుంటూరులో ఎదురింటి తలుపు కొట్టించడం ఎన్ని కుటుంబాల్లో జరగడం లేదు? ఇంటి ఫోనైతే ఎవరు దగ్గరుంటే వాళ్లే ఎత్తుతారు. మనవడు ఎత్తుతాడు, పనిమనిషి ఎత్తుతుంది, చూడ్డానికొచ్చిన చుట్టం ఎత్తుతాడు. ఎవరెత్తినా "అమ్మ ఏం చేస్తోంది?" అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

డెబ్బై అయిదేళ్ల ఆవిడ చేతిలో టచ్‌ఫోను మోగుతున్నప్పుడు పక్కన నిలబడి చూడండి. వేళ్లు పొడిబారి ఉంటాయి, అద్దం ఆ వేలిని పట్టించుకోదు. పైకి జరపాలో పక్కకు జరపాలో ఆవిడకు సందేహం, ఎందుకంటే మొన్న వచ్చిన అప్‌డేట్ దాన్నీ మార్చేసింది. రెండుసార్లు వేలు జారుతుంది. మూడోసారి ఎర్రదాని మీద పడుతుంది, కాల్ కట్టయిపోతుంది. "నాకు చేతకాదురా" అని ఫోను బల్ల మీద పెట్టేస్తుంది. తప్పెవరిదో చెప్పక్కర్లేదు. ఇదే మనిషి కార్డ్‌లెస్ హ్యాండ్‌సెట్ మీద పచ్చ బొత్తాన్ని చూడకుండా నొక్కుతుంది. వేలికి బొత్తాం తగులుతుంది, నొక్కితే దిగుతుంది, నొక్కినట్టు తెలుస్తుంది. కొన్ని సెట్లలో ఆ నొక్కడమూ అక్కర్లేకుండా, ఛార్జింగ్ స్టాండు మీంచి తీయగానే లైను కలిసేలా పెట్టుకోవచ్చు. మాట్లాడాక స్టాండులో పెట్టేస్తే కాల్ ఆగుతుంది, ఛార్జింగూ మొదలవుతుంది. సెల్‌కి ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయామన్న బాధ దీనికి లేదు.

ఒక్క హ్యాండ్‌సెట్‌తో సరిపెట్టుకుంటే మాత్రం దీని సుఖం సగమే దక్కుతుంది. ఫోను తీగ ప్రధాన స్టాండైన ఒక్క బేస్‌కే కావాలి. మిగతా హ్యాండ్‌సెట్ల స్టాండులకు మామూలు కరెంటు ప్లగ్గు చాలు. ఇళ్లకు అమ్మే సెట్లు చాలావాటికి ఆరు హ్యాండ్‌సెట్ల దాకా కలుపుకోవచ్చు. మంచం పక్కన ఒకటి, వంటింట్లో ఒకటి, మేడ మీద ఒకటి ఉన్నాయనుకోండి, ఫోనొస్తే మూడూ మోగుతాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషి రింగు ఆగేలోపు అందుకోవాలని హాల్లోకి ఉరుకులు పెట్టి గడప తట్టుకుని పడే ప్రమాదం తప్పుతుంది. భోజనానికి రమ్మని మేడ మీదికి కేకలు వేయక్కర్లేదు, ఇంటర్‌కామ్ ఉంది. దానికి లైనుతో పని కూడా లేదు. హ్యాండ్‌సెట్ ఏ దిండు కిందో సోఫా సందులోనో దూరితే బేస్ మీద బొత్తాం నొక్కండి, ఉన్నచోటి నుంచి కూస్తుంది.

ఇక్కడ నాకు వత్తాసుగా ఇంకో వర్గం బయల్దేరుతుంది. ఆ నల్ల ఫోను, దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ, ట్రంకాల్ బుక్ చేసి ఎదురుచూడటం... ఆ రోజులే వేరని, తీగ ఫోనుకు సాటిలేదని వీళ్ల పాట. వీళ్ల వత్తాసు నాకొద్దు. వీళ్ల మాటల్లో ఒకప్పటి నిజం ఒకటి ఉంది. రాగి లైను మీద 48 వోల్టుల కరెంటు ఎక్స్‌ఛేంజి నుంచే వచ్చేది, ఎక్స్‌ఛేంజిలో బ్యాటరీలుండేవి. ఇంట్లో దీపాలు పోయినా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వినిపించేది. కానీ ఫైబర్ గాజుపోగు. దాని మీద వెలుగు వస్తుంది గానీ ఫోనుకు కావలసిన కరెంటు రాదు. ఫైబర్ పెట్టె ఆరిపోయాక దానికి తగిలించింది తీగ ఫోనైనా మూగదే. బ్రిటన్ తన పాత టెలిఫోను వ్యవస్థను 2027 జనవరికల్లా పూర్తిగా మూసేయాలని పెట్టుకుంది. మన దగ్గరా రాగి లైన్లు చాలాచోట్ల వెళ్లిపోయాయి. విడిగా అడాప్టర్, బ్యాటరీ అక్కర్లేదన్న చిన్న సౌకర్యం తప్ప తీగ ఫోనుకు ఇప్పుడు మిగిలిన గొప్పేమీ లేదు.

కరెంటు విషయంలో కార్డ్‌లెస్ అమ్మేవాళ్లు అసలు సంగతి చెప్పరు, కాబట్టి నేను చెప్తాను. బేస్‌కు కరెంటు పోతే హ్యాండ్‌సెట్‌లో నిండా ఛార్జింగ్ ఉన్నా దండగే. తెర మీద బేస్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటుంది. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అని నిశ్చింతగా ఉండకండి. ఎన్నో ఇళ్లలో ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకూ లైట్లకే వేసి ఉంటుంది, టీవీ పక్కన ఫైబర్ పెట్టె ఉన్న ప్లగ్గుకు ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఒక్క ప్లగ్గును ఇన్వర్టర్ మీదికి మార్పించాలి. రౌటర్ కోసమని అమ్మే చిన్న యూపీఎస్‌లు ఎక్కువగా 12 వోల్టులవి. కార్డ్‌లెస్ బేస్‌ల అడాప్టర్లేమో చాలావరకు 5.5 లేదా 6.5 వోల్టులవి. అడాప్టర్ వెనక చీమతలకాయలంత అక్షరాలు చదవకుండా తగిలిస్తే బేస్ కాలిపోతుంది. ఇది లోపమే, పెద్ద లోపమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు కరెంటు రాక రోజులు పట్టింది. అలాంటి వేళ ఏ కార్డ్‌లెస్సూ పనిచేయదు. అయితే సెల్ ఉంటే చాలనే పెద్దమనుషులు ఈ ఉదాహరణ జోలికి రాకపోవడమే వాళ్లకు మంచిది. ఆ వారంలో టవర్లు కూలి, కరెంటు లేక, సిగ్నల్ కోసం విశాఖ జనం ఎంత తిరిగారో ఆ ఊరివాళ్లనే అడగండి.

రేడియేషన్ భయం గురించి రెండు మాటలు. ఇంట్లో ఆ తరంగాల పెట్టె ఎందుకని అడిగే మనిషి చొక్కా జేబులో సెల్ ఉంటుంది. ఇప్పటి కార్డ్‌లెస్‌లు వాడే డెక్ట్ పద్ధతి 1992లో యూరప్‌లో ఖరారైంది. ఇందులో హ్యాండ్‌సెట్ కాలాన్ని 24 వంతులు చేసి ఒక వంతులోనే ప్రసారం చేస్తుంది. ఆ క్షణంలో గరిష్ఠం 250 మిల్లీవాట్లు, సగటు 10. సిగ్నల్ అందనిచోట 2జీ సెల్ 2 వాట్ల దాకా పోగలదు, సగటు తీసినా పావు వాటు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం రేడియో తరంగాలను క్యాన్సర్ కారకం 'కావచ్చు' అనే 2బీ జాబితాలో పెట్టింది. ఆ అనుమానం సెల్‌కీ కార్డ్‌లెస్‌కీ ఒకటే. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా చాలా బేస్‌లు సన్నగా ప్రసారం చేస్తూనే ఉంటాయి గనక బేస్‌ను తలాపున పెట్టుకోకండి, హాల్లో పెట్టండి. దీనికి ఇంతకంటే రాద్ధాంతం అక్కర్లేదు.

పక్కింటివాళ్లు వింటారన్న భయం పాత అనలాగ్ సెట్ల నాటిది. 46, 49 మెగాహెర్ట్జ్ మీద నడిచే ఆ ఫోన్ల సంభాషణ స్కానర్ రేడియోలో పడేది. డెక్ట్ మాటను గుప్తలిపిలోకి మార్చగలదు. అదీ అభేద్యమేమీ కాదు, 2008 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సమావేశంలో చాలా డెక్ట్ సెట్ల గుట్టు రట్టు చేసి చూపించారు. అయినా మీ అమ్మగారి బీపీ మాత్ర సంగతి వినడానికి గోడ పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎవడు కూర్చుంటాడు చెప్పండి!

అసలైన దొంగలు ఎటునుంచి వస్తున్నారో మాట్లాడుకుందాం. 2024 అక్టోబరులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో హెచ్చరించాల్సి వచ్చిన 'డిజిటల్ అరెస్ట్' మోసానికి వీడియో కాల్ ప్రాణం. ఖాకీ చొక్కా చూపిస్తారు, వెనక గోడ మీద చిహ్నాలు చూపిస్తారు, కెమెరా ముందు నుంచి కదలొద్దంటారు. ల్యాండ్‌లైన్‌కీ మోసగాళ్లు ఫోన్ చేస్తారు, కాదనను. కానీ దానికి కెమెరా లేదు, లింకు పంపడానికి వీల్లేదు, తెర మీది అంకెలు దూరం నుంచి చదవడానికి తెరలో చదవదగ్గదేమీ లేదు. ఓటీపీలు రావు, ఫోన్‌పే లేదు అని దీన్ని తీసిపారేసేవాళ్లు అవే మాటలు మరోసారి అనుకుని చూడాలి. రిటైరైన మనిషి రోజంతా ఎత్తే ఫోనులో ఆయన బ్యాంకు లేకపోవడం లోపమెలా అవుతుంది? సెల్ వదిలేయమని నేను అనడం లేదు. అది బీరువా పక్కన పెట్టి, ఓటీపీ అవసరమైనప్పుడు తీస్తే చాలు.

పిల్లల సంగతీ అంతే. పదేళ్ల పిల్ల స్నేహితురాలితో హోంవర్కు మాట్లాడాలంటే తల్లి సెల్ ఇవ్వాలి. మాట అయిదు నిమిషాల్లో అయిపోతుంది, రీల్స్ గంటదాకా అవవు. కార్డ్‌లెస్‌లో మాట తప్ప మరొకటి లేదు. పైగా అవతల తల్లో తండ్రో ఎత్తితే "నమస్తే ఆంటీ, నేను ఫలానా, శ్రావ్య ఉందా అండీ?" అని అడగాలి. ఇది ఈ తరం పిల్లలకు ఎక్కడా నేర్పని విద్య.

దీని చిల్లర తిప్పలు నాకు తెలియనివి కావు. హ్యాండ్‌సెట్‌లో వేసే రెండు చిన్న రీఛార్జబుల్ సెల్స్ రెండు మూడేళ్లకు చచ్చుబడతాయి. వాటి స్థానంలో గోడ గడియారంలో వేసే మామూలు సెల్స్ వేసి స్టాండులో పెడితే కారి, లోపలి రేకులు తినేస్తాయి. స్టాండులో రెండు ఇత్తడి మొనలు మసకబారితే ఛార్జింగ్ ఎక్కదు, పొడిగుడ్డతో తుడవాలి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. పెద్దవాళ్లకు ఇది గుర్తుండదు గనక సున్నాతో సహా నంబర్లను ముందే స్పీడ్ డయల్‌లో పెట్టి, ఏ అంకె ఎవరిదో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాలి. ఇంట్లో ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు ఆగాలి. కాంక్రీటు గోడలు నాలుగు దాటితే గరగరలాడుతుంది. ఇక అమెరికా నుంచి అన్నయ్య సూట్‌కేసులో తెచ్చే సెట్ల జోలికి వెళ్లనే వద్దు. వాటి అడాప్టర్ 120 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పొగే. అవి నడిచేది 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మీద, యూరప్ పద్ధతి సెట్లు 1880 నుంచి 1900 మీద, కాబట్టి ఇక్కడ కొన్న హ్యాండ్‌సెట్‌ను దానికి జత చేయడమూ కుదరదు. ఇక్కడే రెండు మూడు వేలు పెడితే మంచి సెట్టొస్తుంది.

నా కోపమల్లా కంపెనీల మీద. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, ల్యాండ్‌లైన్ మీదే ఆధారపడ్డవాళ్లకు కరెంటు పోయినా కనీసం గంటసేపు అత్యవసర కాల్ చేసుకునే ఏర్పాటు కంపెనీయే చూపించాలని కట్టడి చేసింది. మన ఇంటికి ఫైబర్ పెట్టడానికొచ్చే కుర్రాడి సంచిలో డ్రిల్లింగ్ మిషనుంటుంది, మేకులుంటాయి, ఓటీటీ ప్లాన్ల కరపత్రం ఉంటుంది, బ్యాటరీ మాత్రం ఉండదు. మనమూ వేగమెంత, ఏ సినిమాలొస్తాయి అనే అడుగుతున్నాం. ఈసారి వచ్చినప్పుడు మా నంబరెంత బాబూ, ఆ చిన్న కన్నంలో లైనుందా, కరెంటు పోతే 108కి చేసే దారేమిటి అని అడగండి. అతనికి తెలియదు. ఆఫీసుకు చేసి కనుక్కోమనండి, జవాబొచ్చేదాకా సంతకం పెట్టకండి.